నంబరు లేని రెండో మనిషి

తుపాకి భుజాన వేసుకొని వీధిలోకి వచ్చినవాడి మీద కన్నా, చిన్నప్పుడు చెయ్యి పట్టుకొని బడికి తీసుకెళ్ళిన మనిషి మీద కోపం ఎందుకు ఎక్కువగా వస్తుంది? రావడం సరే, అంతకాలం ఎందుకు నిలుస్తుంది? ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఎంత వయసు మీద పడినా దీనికి జవాబు దొరకలేదు. మిరియం సంగతి తలుచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్నే ముందుగా వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది.

మిరియం బర్మాలో, వాగు పక్కనున్న తాకేటా పేట పిల్ల. తండ్రి ఆల్బర్ట్ సేక్కాన్ రేవులో క్రేను నడిపేవాడు. తల్లి, ఈ పిల్లకి పాలపళ్ళు ఊడుతున్న వయసులోనే పోయింది. అప్పటినుంచి ఆమె ఆకలి చూసింది పక్కింటి అచ్చమ్మ. అచ్చమ్మవాళ్ళు హిందువులు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాళ్ళు. ఆల్బర్టువాళ్ళు బాప్టిస్టులు. రెండిళ్ళకీ మధ్య ఉన్నది తుప్పు పట్టిన రేకుల దడి ఒకటే. ఆ దడిలో ఒక రేకు ఎప్పుడో ఊడిపోతే, మళ్ళీ బిగించాలని ఎవరికీ తోచలేదు. మిరియం అటు అన్నం తిని ఇటు వచ్చి పడుకునేది.

అచ్చమ్మ బస్టాపులో ఆనపకాయ బజ్జీలు వేసేది. ఆవిడ నోరు మూకుడులో నూనె లాంటిది, ఎప్పుడూ చిటపటలాడుతూనే ఉండేది. మిరియానికి మాత్రం నోట్లో నాలుక లేదనేవారు. "ఈ గుంటకి నానే నోరు అరువిచ్చాను, మా చిట్టికి ఇవ్వాల్సింది కూడా దీనికే ఇచ్చీసాను, ఐనా మాటాడదేటి?" అని అచ్చమ్మ నవ్వేది. చిట్టి ఆవిడ కూతురు, మిరియం కన్నా నాలుగైదేళ్ళు చిన్నది.

ఆ పిల్లలో మాట లేకపోయినా లెక్క ఉందని కనిపెట్టినవాడు ఎడ్విన్ రాజు. బడిలో లెక్కల మాస్టారు, చర్చిలో పెద్ద, ఆల్బర్టుకి ప్రాణస్నేహితుడు. మిరియం ఆయన్ని పెదనాన్నా అనేది. ఆల్బర్టు పోయినప్పుడు పెట్టెకి ముందు భుజం ఇచ్చిందీ ఆయనే, పిల్లని కంప్యూటరు చదువులో చేర్పించిందీ ఆయనే. ఆ చదువుతో మిరియం మింగళాడోన్ వైపు ఒక చిన్న కంపెనీలో కుదురుకుంది. బట్టల ఫ్యాక్టరీల గిడ్డంగులకి జావా అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసే పని. రెండు బస్సులు మారి వెళ్ళేది, వచ్చేటప్పుడు బస్టాపులో అచ్చమ్మ చేతి బజ్జీలు తిని ఇంటికి చేరేది. జీవితం అలా బాగానే నడిచింది.

తరవాత ఫిబ్రవరి వచ్చింది. సైన్యం గద్దె ఎక్కింది. ఊరు ఊరంతా నిరసనగా రోజూ రాత్రి ఎనిమిదికి గిన్నెలూ గరిటెలూ వాయించేది. మిరియం ఇంట్లో అంత చప్పుడు చేసే గిన్నె లేక అచ్చమ్మ మూకుడు పట్టుకుంది.

"నా మూకుడు సొట్టపెట్టీసావంటే రేపట్నుంచి నీ కంపూటరు మీద ఏపుతాను బజ్జీలు!" అని అరుస్తూనే అచ్చమ్మ తన గరిటెతో నీళ్ళ డ్రమ్ముని బాదేది.

మార్చిలో వీధిలోకి ట్రక్కులు వచ్చాయి. తలుపులు విరిగాయి. నాలుగిళ్ళ అవతల కుర్రవాణ్ణి జుట్టు పట్టుకొని ఈడ్చుకుపోయారు. ఆ రోజు మిరియం మంచం కింద దూరి, నోట్లో దుప్పటి కుక్కుకొని పడుకుంది. కోపం వచ్చింది, రాకపోవడమేమిటి. కాని ఆ కోపం భయంతో కలిసి వచ్చింది. భయం తగ్గితే అదీ తగ్గేది, ట్రక్కు చప్పుడు వినిపిస్తే మళ్ళీ లేచేది. ఫోన్లలో ఇంటర్నెట్టు ఆపేశారు. కంపెనీ మూతపడింది. పక్క కుర్చీలో పనిచేసే జోనాథన్, సైన్యానికి దొరక్కుండా ఊళ్ళోనే ఎక్కడో తలదాచుకుంటూ, వారానికొక కొత్త నంబరు నుంచి ఫోను చేసేవాడు.

జులైలో రోగం ఇంటింటికీ వచ్చింది. ఊపిరి అందక మనుషులు గుమ్మాల్లోనే పోతున్నారు. ఆక్సిజన్ నింపే చోట బయటివాళ్ళకి అమ్మొద్దని పైనుంచి మాట వచ్చింది. చర్చివాళ్ళు ఎలాగో కొన్ని సిలిండర్లు సంపాదించారు. వాటిని నింపించుకు రావడం, ఇళ్ళకి చేర్చడం, ఖాళీ అయ్యాక వెనక్కి తేవడం బంగారురాజు పని. అతనికి సైకా ఉండేది, పక్కన సీటు కట్టిన సైకిలు రిక్షా. ఆ సీటులో మనిషికి బదులు సిలిండరుని కూర్చోబెట్టి, తాడు కట్టి, పైన గొడుగు కూడా పెట్టి తొక్కేవాడు.

"ఈడు నా కిరాయిల్లో కల్లా పెద్దమనిషి. మాటాడడు, ఉమ్మడు, బేరమాడడు" అనేవాడు.

ఎవరికి ముందు, ఎవరికి తరవాత? అక్కడే వచ్చింది తంటా. సిలిండర్లు పంచే చర్చి కమిటీకి పెద్ద ఎడ్విన్ రాజు. ఫోను ఎవరిది ముందు మోగితే వాళ్ళకి, లేదా ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ళకి అన్నట్టు నడుస్తోంది. మిరియం తన నోరు తెరిచింది మొదటిసారి ఆ కమిటీలోనే.

"వంతు ప్రకారం వెళ్ళాలి పెదనాన్నా. నేను రాసిస్తాను. చర్చి గేటు దగ్గిర నిలబడి ఫోన్లో పేరు రాసుకుంటే చాలు. ఇంటర్నెట్టు అక్కర్లేదు, మన వైఫై చాలు."

ఆమె మొదట అల్లిన పద్ధతిలో మూడు రోజులు తిరక్కుండానే గందరగోళం అయింది. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకి తలా మూడు పేర్లు. ఇంట్లో పిలిచే పేరొకటి, బాప్తిస్మం పేరొకటి, ప్రభుత్వం కార్డు మీద బర్మా పేరొకటి. కంగారులో ఉన్నవాళ్ళు మూడు పేర్లతోనూ రాసేశారు. బంగారురాజు ఒకే ఇంటికి ముమ్మారు సిలిండరు మోసుకెళ్ళాడు. మూడోసారి ఆ ఇంటి ముసలమ్మ, "మళ్ళీ ఏటి బావూ, నా ఒక్క ముక్కుకీ మూడెట్టాలా?" అందట.

ఎడ్విన్ రాజు నవ్వలేదు. "భూస్థాపన సంఘం నంబరు అడుగు. ఒక నంబరు ఒక్కసారే. అప్పుడు దొంగ పేర్లు రావు" అన్నాడు.

చర్చిలో ప్రతి మనిషికీ ఆ నంబరు ఉంటుంది. సమాధి స్థలం కోసం తాతల నాడు పెట్టుకున్న సంఘం అది. పిల్ల పుట్టి పేరు పెట్టేలోపే నంబరు వేసేస్తారు. పేర్లు మూడైనా ఆ నంబరు ఒక్కటే. మీవాళ్ళు ఉయ్యాల కన్నా ముందు గొయ్యి చూసుకుంటారని అచ్చమ్మ వేళాకోళం చేసేది. ఆలోచన మంచిదే, లెక్కల మాస్టారి ఆలోచన.

"మరి హిందువులకి ఆ నంబరు ఉండదు కదా?" అంది మిరియం.

"మన సిలిండర్లు మనవాళ్ళకే చాలడం లేదమ్మా."

"పీల్చే గాలికి బాప్తిస్మం ఏటి పెదనాన్నా?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడ్విన్ రాజు ముఖం గట్టిపడింది. బయట వీధిలో సిపాయిలూ ఇలాగే మనుషుల్ని పంచుతున్నారు కదా, మనవాడు, పరాయివాడు అని! ఆ మాట మిరియం పైకి అనలేదు గాని ఆమె చూపు అంది. చివరికి కమిటీలో నలుగురూ ఆమె వైపే మొగ్గారు. నంబరు ఉన్నవాళ్ళు నంబరు రాస్తారు, లేనివాళ్ళు పేరూ వీధీ రాస్తారు. "కానీండి" అన్నాడు ఆయన. ఆ కానీండిలో ఉన్న బరువు అప్పుడు ఎవరూ తూచలేదు.

గళ్ళు గళ్ళుగా ఉండే పాత పద్ధతి డేటాబేసులో ప్రతి మనిషికీ అవే గళ్ళు, ఎవరికేది ఉండదో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. అందుకని ఈసారి డాక్యుమెంటు డేటాబేసు పెడదామనుకుంది మిరియం. అందులో ఒక్కొక్క మనిషీ ఒక్కొక్క కాగితం. ఒకరి కాగితంలో మూడు పేర్లూ నంబరూ ఉండవచ్చు, ఇంకొకరి కాగితంలో పేరూ వీధీ మాత్రమే ఉండవచ్చు. లేనిది రాయక్కర్లేదు. ఎవరికి ఎలా ఉంటే అలా పుచ్చుకుంటుంది. ఈ ఊరి మనుషులకి అచ్చంగా సరిపోయేది అదేననిపించింది.

డేటాబేసు ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. జావా ఉంది. ఆ రెండూ మాట్లాడుకోవడానికి మధ్యన దుబాసీ లాంటి ఒక డ్రైవరు కావాలి. జార్ అనే ఫైళ్ళు మూడు కలిస్తే ఆ డ్రైవరు, మూడూ ఒక ఈడువే, ఒకే వెర్షనువే, అయి ఉండాలి. మామూలు రోజుల్లో ప్రోగ్రాము తనంతట తనే ఇంటర్నెట్టు నుంచి తెచ్చుకుంటుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు ఫోన్లలో నెట్టు లేదు, ఇంటికి వైరుతో నెట్టు ఉన్నవాళ్ళు ఒకరిని గడప తొక్కనివ్వడం లేదు. జోనాథన్ పాత ల్యాప్‌టాప్‌లో దాగి ఉన్న ఫైళ్ళని పెన్‌డ్రైవులో వేసి, దాన్ని బిస్కట్ల పొట్లంలో పెట్టి బంగారురాజు చేతికి అందించాడు. వచ్చిన మూడింటిలో ఒకటి పాత ఈడుది. ప్రోగ్రాము లేచినట్టే లేచి చతికిలబడింది. మళ్ళీ కబురు, మళ్ళీ బిస్కట్ల పొట్లం. వాగు మీది వంతెన దగ్గర సిపాయి ఒకడు పొట్లం విప్పి, రెండు బిస్కట్లు తిని పంపాడట. పెన్‌డ్రైవు మూడో బిస్కట్టు కింద ఉంది.

అచ్చమ్మ రేకు సందులోంచి బజ్జీల పళ్ళెం పట్టుకొచ్చి పక్కన కూర్చునేది.

"ఏటే గుంటా, కుదిరిందా సంబంధం? ఈడుకీ దానికీ మాటలు కలిసాయేటి?"

"చిరునామా తప్పు అంటోందత్తా."

"రాసిచ్చినోడు దొంగ చిరునామా రాసాడేమో. మా నాయిన కాలంలో అలగే ఒక పెళ్ళోరు వేరే ఇంటికెళ్ళి బోంచేసి ఒచ్చీసారు."

చిరునామా ఒక్క వరుసే. ఏ మెషిను, ఏ తలుపు, ఏ డేటాబేసు, ఎవరి పేరు, ఏ తాళం మాట, అంటే పాస్‌వర్డు. ఒక్కటి కుదరకపోయినా ఎర్ర అక్షరాలు పడతాయి. మొదట సర్వరే లేవలేదు. లేచాక తాళం మాట ఒప్పుకోలేదు. ఆ పేరు పెట్టింది ఒక చోటయితే జావా వెతుకుతోంది వేరే చోట అని తెలిసేసరికి బజ్జీలు చల్లారిపోయాయి. అది సరిచేశాక ఎర్ర అక్షరాలు ఆగాయి. కలిసింది. నంబరు రెండోసారి రాకూడదని అందులో ఒక వరుస ముందే రాసి ఉంచింది మిరియం.

"నీ పేరు రాసి చూస్తానత్తా, ఉండు."

నంబరు లేకుండా అచ్చమ్మ పేరు రాసి నొక్కింది. డేటాబేసు కళ్ళకద్దుకొని పుచ్చుకుంది.

"నానూ ఎక్కీసానేటి?" అని అచ్చమ్మ సంబరపడింది. "తీసీ మళ్ళీ. బాగున్న మనిషి పేరు రోగాల చిట్టాలో ఎందుకు?"

తీసేసింది. నంబరు లేని మనిషి ఒకరితో చూసింది. ఇద్దరితో చూడలేదు.

ఇంకొకటి కూడా చేసింది. వచ్చిన నంబరే మళ్ళీ వస్తే డేటాబేసు తిప్పికొడుతుంది. ఆ ఎర్ర అక్షరాలు చూసి, ఊపిరాడని మనుషులున్న ఇళ్ళలో గుండెలు జారిపోతాయని, వాటి బదులు మెత్తగా ఒక మాట పెట్టింది: మీ పేరు ముందే ఉంది, కంగారుపడకండి, మీ వంతు వస్తుంది. మూడు పేర్ల వాళ్ళ కోసం రాసిన మాట అది. మంచి మనసుతోనే రాసింది.

ల్యాప్‌టాప్‌ని చర్చి గదిలో పెట్టారు. గేటు దగ్గర వానలో నిలబడి జనం పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. హిందువుల్లో మొదట రాసుకున్నవాడు దండాసి అనే రేవు ముసలాయన. వంతు ప్రకారం సిలిండరు వెళ్ళింది, బతికాడు. "సూసారా, మనోళ్ళకీ ఇస్తన్నారు" అని పేటంతా చెప్పుకున్నారు.

ఆ మర్నాడే మిరియానికి జ్వరం తగిలింది. వాసన పోయింది. కాళ్ళు నేల మీద నిలవలేదు. తలుపు లోపల గడియ పెట్టుకొని ఒక్కర్తీ పడి ఉంది. చిట్టి రేకు సందులో గంజి పెట్టి దూరంగా జరిగి కేకేసేది. రెండు రోజులు పోయాక చిట్టి గొంతు మారింది.

"అక్కా, అమ్మకి ఆయాసం వొచ్చీసింది. ముక్కులెగరేస్తన్నాది."

మిరియం వెంటనే ఎడ్విన్ రాజుకి ఫోను చేసింది.

"పెదనాన్నా, అచ్చమ్మత్తకి బాగాలేదు. పేరు రాయించు, నేను లేవలేకపోతున్నాను."

"వంతు ప్రకారమేనా, లేకపోతే నీ మనిషని ముందుకి తొయ్యమంటావా?" ఆయన నవ్వుతూనే అన్నాడు. "నీ మాటే కదమ్మా."

"వంతు ప్రకారమే. రాయించు చాలు."

"చూస్తాలే. నువ్వు పడుకో తల్లీ."

ఆ సాయంత్రం చిట్టి కూడా గేటు దగ్గరికి వెళ్ళి రాసి వచ్చింది. "పేరు ముందే ఉందంటన్నాదక్కా! వంతొస్తాదంట!" అని దడి అవతల నుంచి కేకేసింది.

మిరియం కళ్ళు మూసుకుంది. పెదనాన్న రాయించాడన్నమాట. కమిటీలో తాను నలుగురిలో అలా మాట్లాడినా మనసులో పెట్టుకోకుండా రాయించాడు. ఎంత పొరబడ్డాను ఆయన గురించి, అనుకొని జ్వరంలో తడిసిన దిండు మీద ఇంకొంచెం తడి చేసింది.

వంతు రాలేదు. మర్నాడూ రాలేదు. చిట్టి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే మాట. దడి అవతల అచ్చమ్మ ఊపిరి మిరియానికి వినిపిస్తూనే ఉంది, రంపం కోస్తున్నట్టు. పెదనాన్నకి ఇంకోసారి ఫోను చేద్దామని చేతిలోకి తీసుకొని, తన మనిషని ముందుకి తోసినట్టవుతుందని మానేసింది. ఒకసారి అచ్చమ్మే గొంతు పెగల్చుకొని, "గుంటా, గంజి తాగేవా?" అంది. ఆ తరవాత ఆవిడ మాట వినలేదు మిరియం. మూడోనాడు పొద్దున రంపం చప్పుడు ఆగింది. చిట్టి అరుపు వినిపించింది. ముసుగులు వేసుకున్న మనుషులు బండి తెచ్చి తీసుకుపోయారు. చిట్టిని బండి ఎక్కనివ్వలేదు.

మిరియం లేచి బయటికి రావడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. వచ్చేసరికి చిట్టి రేకు సందు దగ్గరే నిలబడి ఉంది. మూకుడు గోడకి బోర్లించి ఉంది, అడుగున పాత సొట్ట కనిపిస్తోంది.

"అక్కా, ఒకటడుగుతాను సెప్పు. నీ మిషను మా యమ్మ పేరు ముందే ఉందన్నాది. లింగరాజు బావ పేరూ ముందే ఉందన్నాదంట. వెంకటరత్నమ్మ పిన్నికీ అదే, చిలకమ్మ మామ్మకీ అదే. అందరి పేర్లూ ముందే రాసీసినోడు ఎవుడు? ఎవుడికీ సిలిండరు రాలేదేటి?"

మిరియం మొదట వినలేదు. తరవాత విన్నది. లింగరాజు, వెంకటరత్నమ్మ, చిలకమ్మ. వీళ్ళెవరికీ సంఘం నంబరు లేదు. నంబరు లేకపోవడం కూడా డేటాబేసు లెక్కలో ఒక నంబరే. ఖాళీ అన్నది ఒక్కసారే రావచ్చు. దండాసి తాతతో ఆ ఖాళీ నిండిపోయింది. ఆ తరవాత నంబరు లేకుండా వచ్చిన ప్రతి మనిషినీ అది, ఈ ఖాళీ ముందే ఉంది పొమ్మని తిప్పికొట్టింది. ఆ తిప్పికొట్టుడు మీద తానే తన చేత్తో మెత్తటి మాట కప్పింది. అందుకే అచ్చమ్మ వంతు కోసం కాచుకుంది. ఇంకెక్కడా వెతుక్కోకుండా, ఇంకెవరి కాళ్ళూ పట్టుకోకుండా, బుద్ధిగా కాచుకుంది.

మిరియం దడి పట్టుకొని నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. ఏదీ దాచలేదు. చిట్టి కదలకుండా విన్నది. ఏడుస్తుందనుకుంది మిరియం, తిడుతుందనుకుంది, మూకుడు తీసి నెత్తిన కొట్టినా బాగుండుననుకుంది.

"ఐతే మా యమ్మ పేరు అందులో లేనే లేదన్నమాట."

"లేదు."

"ఇప్పుడెల్లి ఎవరైనా రాస్తే తీసుకుంటాదా?"

"తీసుకోదు."

"వెంకటరత్నమ్మ పిన్ని ఇంకా బతికే ఉన్నాది. మరిక్కడ నిలబడి ఏటి సేస్తన్నావు? ఎల్లి బాగుసెయ్యి!" అని చిట్టి మొహం అటు తిప్పేసుకుంది.

మిరియం సంచిలో రెండు జతల బట్టలు ఎప్పుడు కుక్కిందో ఆమెకే గుర్తు లేదు. సంచి భుజాన వేసుకొని వానలోనే చర్చికి నడిచింది. ఒంట్లో సత్తువ లేదు, కోపమే నడిపించింది. అప్పటికి ఆ కోపం తన మీదే.

చర్చి గదిలో ల్యాప్‌టాప్ అలాగే వెలుగుతోంది. తిరస్కరించినవన్నీ ఒక మూల నమోదవుతాయి, ఎవరూ చూడరు. తెరిచింది. వరుసగా పేర్లు. చిట్టి రాసిన అచ్చమ్మ పేరు మళ్ళీ మళ్ళీ ఉంది. చివరి సారి రాసినప్పుడు వీధి పేరు పక్కన చిట్టి ఇంకో ముక్క చేర్చింది: బేగి రండి.

వెనక అడుగుల చప్పుడైంది.

"లేచావా తల్లీ. దేవుడు నిన్ను మాకు తిరిగి ఇచ్చాడు" అన్నాడు ఎడ్విన్ రాజు.

ఆమె వెనక్కి తిరగలేదు. "పెదనాన్నా, ఆ రోజు అచ్చమ్మత్త పేరు రాయించావా?"

"ఆవిడకి నంబరు లేదు కదమ్మా..."

"రాయించావా, లేదా?"

"వాళ్ళే వచ్చి రాసుకుంటారు కదా అని ఊరుకున్నాను. అయ్యో, పాపం, మంచి మనిషి."

"ఈ తెర రోజూ చూస్తున్నావు. దండాసి తాత తరవాత నంబరు లేని మనిషి ఒక్కరూ లేరు ఇందులో. ఆ కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. చిట్టి తడుస్తూ నిలబడడం కనిపిస్తుంది. నీకేటీ అనిపించలేదా?"

ఎడ్విన్ రాజు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఆయన ముఖంలో మర్మం ఏమీ లేదు, ప్రేమే ఉంది.

"ఎందుకనిపించలేదు? మా మిరియం తెలివైన పిల్ల, నలుగురి ముందూ కాదన్నా, లోపల నా మాట నిలబెట్టింది, అనుకున్నాను. నిన్ను చిన్నబుచ్చకూడదని ఆ సంగతి ఎత్తలేదు. ప్రార్థనలో నీ కోసం కృతజ్ఞత కూడా చెప్పానమ్మా."

మిరియం అప్పుడు తిరిగింది.

ఏ చెయ్యి పట్టుకొని బడికి వెళ్ళిందో ఆ చెయ్యి తన భుజం మీదికి వస్తుంటే విదిలించి కొట్టింది. గోడ గుద్దుకొని ఆయన వేళ్ళు కందాయి.

"నేను తప్పు చేసాను. నువ్వు ఆ తప్పు చూసావు, చూసి మెచ్చుకున్నావు. ఆవిడ నా మాట నమ్మి కాచుకుని చచ్చిపోయింది. నువ్వేమో దేవుడికి థాంక్సు చెప్పావు!"

"గొంతు తగ్గించు! ఇది మందిరం." ఆయనకీ కోపం వచ్చింది. "సిలిండర్లు ఎవరాపారు? నేనా? గాలి అమ్మొద్దన్నది నేనా? బజార్లో మనుషుల్ని కాల్చింది నేనా? వాళ్ళని ఒక్క మాట అనలేవు. నన్నంటావేటి?"

"ఆళ్ళనెప్పుడూ నేను పెదనాన్నా అనలేదు."

ఎడ్విన్ రాజు కుర్చీలో కూర్చున్నాడు, కందిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకొని.

నంబరు రెండోసారి రాకూడదన్న ఆ వరుసని మిరియం తీసేసింది. నంబరు ఉన్నవాళ్ళకే ఆ నియమం వర్తించేలా తిరగరాసింది. చిన్న మార్పే. ముందే తెలుసు ఆమెకి ఆ సంగతి, ఎప్పుడో చదివింది, అవసరం పడలేదు గనక మరిచింది. ఈసారి నంబరు లేకుండా ఇద్దరిని రాసి చూసింది. ముగ్గురిని రాసి చూసింది. పుచ్చుకుంది. మెత్తటి మాట తీసేసి, రాయబడలేదు, లోపలికి వచ్చి చెప్పండి అని ఎర్రటి అక్షరాలతో పెట్టింది. భయపడితే భయపడనీ. తరవాత తిరస్కరించిన పేర్లన్నిటినీ ఎవరు ఎప్పుడు వచ్చారో ఆ వేళ ప్రకారమే వరుసలో కూర్చోబెట్టింది. పోయినవాళ్ళెవరో ఉన్నవాళ్ళెవరో కనుక్కోవాలి. ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసింది. కొన్ని ఇళ్ళలో ఎత్తినవాళ్ళు ఆమె అడగకముందే ఏడ్చారు. ఏడుపు తగ్గేదాకా ఆగి, ఆ పేరు తీసి, తరవాతి ఇంటికి చేసింది. అచ్చమ్మ పేరు దగ్గర ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు. అది మాత్రం తియ్యలేదు. పక్కన, పోయింది, అని రాసి వదిలేసింది.

బతికున్నవాళ్ళ వరుసలో మొదటి పేరు వెంకటరత్నమ్మ అయింది. అంతకు ముందు అక్కడ ఉన్నది మరియ, ఎడ్విన్ రాజు మరదలు. ఆవిడకి ఆయాసం తగ్గి రెండు రోజులైంది, ఐనా సిలిండరు దగ్గర ఉంటే మంచిదని పేరు ఉంచారు.

"మరియ నీకు పిన్ని వరస" అన్నాడు ఎడ్విన్ రాజు, నెమ్మదిగా.

ఆమె కిటికీ తీసి బంగారురాజుని కేకేసింది. "బంగారురాజన్నా, వెంకటరత్నమ్మ పిన్ని ఇంటికి. బేగి."

"నంబరెంత?" అన్నాడు అతను అలవాటు కొద్దీ.

"నంబరు లేదు. మనిషుంది. ఎల్లు."

అతను ఇంకేమీ అడక్కుండా సిలిండరుని ఎత్తి సీటులో కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నం కమిటీవాళ్ళు వచ్చారు. దూరం దూరంగా కుర్చీలు వేసుకున్నారు. అందరికీ ముఖాలకి గుడ్డలు, ఎవరి ముఖంలో ఏముందో తెలియడం లేదు. జరిగింది ఆయనే చెబుతాడని మిరియం ఎదురుచూసింది. ఎడ్విన్ రాజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముందు ప్రార్థన చేసుకుందాం అన్నాడు. అందరూ లేచి తలలు వంచి కళ్ళు మూసుకున్నారు.

ఆయన గొంతు చక్కటి గొంతు. ఆల్బర్టు పెట్టె దగ్గర ఆ గొంతు విని వీధి వీధంతా ఏడ్చింది. ఇప్పుడు రోగుల కోసం, చెరలో ఉన్నవాళ్ళ కోసం, విధవల కోసం మొదలుపెట్టాడు. మిరియం కళ్ళు మూసుకోలేదు. వంగిన తలలన్నిటినీ ఒకసారి చూసింది. గది తాళంచెవి తీసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. చప్పుడు కాకుండా సంచి భుజాన వేసుకుంది.

గేటు దగ్గర చీరకొంగు తల మీద కప్పుకొని ఎవరో ఆడమనిషి నిలబడి ఫోను వైపు చూసుకుంటోంది.

"ఏటమ్మా, రాసావా?"

"రాసానమ్మా. పదకొండో వంతంట. నిజిమేనా?"

మిరియం ఆ ఫోను చేతిలోకి తీసుకొని తెర మీద పేరూ వీధీ రెండుసార్లు చదివింది. తిరిగి ఇచ్చింది. "నిజమే."

వెనక కిటికీ తెరిచే ఉంది. వాన సన్నగా పడుతున్నా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "మా బిడ్డ మిరియం కోసం, ఆమెను మా మధ్య ఉంచినందుకు, ప్రభువా..." అంటున్నాడు ఎడ్విన్ రాజు.

ఆమె గేటు దాటి రోడ్డెక్కింది. బస్టాపులో అచ్చమ్మ బల్ల వేసే చోట వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. వాగు దాటి వెళ్ళే బస్సు వస్తే ఎక్కి, చర్చి కనపడని వైపు కిటికీ దగ్గర కూర్చుంది. చర్చి లోపల వాళ్ళింకా ఆమెన్ అనలేదు.